కన్నీళ్ళు రాని బాబుకు జ్వరం వస్తే ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. మా బాబుకు ఆరేళ్ళు, 20 కిలోల బరువు. పుట్టినప్పటి నుంచి ఎంత ఏడ్చినా వాడికి కన్నీళ్ళు రావు. రెండేళ్ళుగా అన్నం గొంతు దిగడం లేదు, తిన్నది తిన్నట్టే బయటికి వచ్చేస్తోంది. ఒళ్ళు నల్లబడుతుంటే మా అన్న రంగు వచ్చిందని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకున్నారు. నాలుగు నెలల క్రితం తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అప్పుడు షుగర్ 34 ఉంది. హైదరాబాదులో జన్యు పరీక్ష చేసి ట్రిపుల్ ఎ సిండ్రోమ్ అన్నారు. హైడ్రోకార్టిసోన్ 5 మి.గ్రా. మాత్రలో సగం చొప్పున రోజుకు మూడుసార్లు ఇస్తున్నాము. ఫిట్స్ వచ్చిన రోజు మొదట చూసిన ఆసుపత్రిలో రాసిన ఫెనిటాయిన్ కూడా వాడుతున్నాము. పోయిన నెల జ్వరం వస్తే సాయంత్రానికి మత్తుగా పడిపోయాడు. పెద్దాసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నాడు. స్టెరాయిడ్ వాడితే ఎముకలు గుల్లబారతాయి, బాగున్న రోజుల్లో మానేయమని బంధువులు అంటున్నారు. నేను మా మేనమామనే చేసుకున్నాను. ఈ సంబంధం కలిపింది తనేనని మా అమ్మమ్మ రోజూ బాధపడుతోంది. రెండేళ్ళ పాప కూడా ఉంది. దానికీ వస్తుందా? మాకు దారి చూపించండి.
— ఒక తల్లి, వైఎస్సార్ కడప జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు జవాబు చెప్పవలసింది మీరు అడగని విషయానికి. మీ బాబు వాడుతున్న ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు కాలేయంలోని ఎంజైములను చురుకుగా పనిచేయించి, మీరు ఇస్తున్న హైడ్రోకార్టిసోన్‌ను మామూలుకంటే వేగంగా విరిచేస్తుంది. అంటే కాగితం మీద 7.5 మి.గ్రా. ఉన్న మోతాదు అతని ఒంటికి అంతకంటే తక్కువగానే అందుతూ ఉండవచ్చు. షుగర్ 34కు పడిపోవడం వల్ల వచ్చిన ఫిట్స్‌కు అసలు మందు ఫిట్స్ మందు కాదు, అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసోల్ అనే హార్మోను లోపాన్ని సరిచేయడమే. కాబట్టి ఈ రెండో మందు ఇంకా అవసరమా అని మీ ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరును, నరాల డాక్టరును ఈ వారంలోనే అడగండి. అయితే మీ అంతట మీరు ఒక్కసారిగా మానవద్దు. ఫెనిటాయిన్‌ను హఠాత్తుగా ఆపితే అదే ఫిట్స్‌కు కారణం కావచ్చు. ఫినోబార్బిటోన్, కార్బమజిపైన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ కూడా ఇదే పని చేస్తాయి కనుక, ఇకముందు ఏ డాక్టరు ఏ కొత్త మందు రాసినా బాబు హైడ్రోకార్టిసోన్ మీద ఉన్నాడని నోరు తెరిచి చెప్పండి.

ఇక జబ్బు సంగతి. 1978లో ఆల్‌గ్రోవ్, ఆయన సహచరులు మొదట వివరించిన ఈ వ్యాధిలో మూడు లోపాలు కలిసి ఉంటాయి. కన్నీళ్ళు రాకపోవడం ఒకటి; అన్నవాహిక అడుగున ఉండే కండరం వదులు కాక, తిన్నది కడుపులోకి జారకపోవడం రెండోది; మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎ.సి.టి.హెచ్. అనే హార్మోను మాట వినకపోవడం మూడోది. గ్రంథి వినడం లేదని పిట్యూటరీ మరింత గట్టిగా పిలుస్తుంది, ఆ హార్మోను రక్తంలో పేరుకుంటుంది, అదే చర్మంలో నల్లరంగు తయారుచేసే కణాలనూ రెచ్చగొడుతుంది. చిగుళ్ళు, వేళ్ళ కణుపులు, అరచేతి గీతలు, పాత గాయాల మచ్చలు నల్లబడటం మేనమామ పోలిక వల్ల వచ్చేది కాదు. ఆ రంగు చూసి ఏ డాక్టరూ అనుమానించలేదేమని మీకు బాధ కలగవచ్చు. మన దగ్గర ఛామనఛాయ పిల్లల్లో ఈ మార్పు నెమ్మదిగా రావడం వల్ల చాలామంది కళ్ళు దాటిపోతుంది. కన్నతల్లిగా మీరు గమనించలేదని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దు.

స్టెరాయిడ్ అనే మాటతో మీ బంధువులు పడుతున్న భయం నిజమైన అనుభవాల నుంచే వచ్చి ఉంటుంది, కానీ అది మీ బాబుకు వర్తించదు. ఉబ్బసం ఎక్కువైన 20 కిలోల పిల్లవాడికి రోజుకు 20 నుంచి 40 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ ఇస్తారు. హైడ్రోకార్టిసోన్ లెక్కలో అది 80 నుంచి 160 మి.గ్రా. మీ బాబు తీసుకుంటున్నది 7.5 మి.గ్రా. అతని వయసు పిల్లల అడ్రినల్ గ్రంథులు రోజూ తమంతట తాము తయారుచేసుకునే కార్టిసోల్‌కు ఇది ఇంచుమించు సమానం. కొంచెం ఎక్కువగా కనిపించేది ఎందుకంటే నోటి ద్వారా ఇచ్చింది మొత్తం రక్తంలోకి చేరదు. ఇది ఒంట్లో లేనిదాన్ని పూడ్చడమే గాని, ఉన్నదాని మీద అదనంగా పోయడం కాదు. ఎముకలు గుల్లబారడం, మొహం ఉబ్బడం, ఎదుగుదల ఆగడం వంటివి అవసరానికి మించి ఇచ్చినప్పుడు వస్తాయి. వాటిని కనిపెట్టడానికే మూడు నాలుగు నెలలకు ఒకసారి ఎత్తు, బరువు, రక్తపోటు చూసి, ఒంటి విస్తీర్ణం లెక్కగట్టి మోతాదు సరిచేస్తారు. అందువల్ల ఒక్క పూట కూడా మానవద్దు. బాగున్న రోజు బాగుండటానికి కారణమే ఆ మాత్ర. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒంటి నలుపు పూర్తిగా పోయేదాకా మోతాదు పెంచమని డాక్టరును ఒత్తిడి చేయవద్దు. ఈ పిల్లల్లో ఎ.సి.టి.హెచ్. పూర్తిగా మామూలు స్థాయికి రావాలంటే పిల్లవాడి ఎదుగుదలను పణంగా పెట్టవలసి వస్తుంది. రంగు క్రమంగా తగ్గితే చాలు.

పోయిన నెల జరిగిందే ఈ జబ్బులో అసలు ప్రమాదం. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు జ్వరం వస్తే వాళ్ళ గ్రంథులు కొన్ని గంటల్లోనే కార్టిసోల్‌ను మామూలుకంటే ఎన్నో రెట్లు పెంచి రక్తపోటును, షుగర్‌ను నిలబెడతాయి. మీ బాబు ఒంటికి ఆ శక్తి లేదు కనుక ఆ పెంపు మీ చేతుల మీదుగా జరగాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ప్రతి పూటా మోతాదు రెట్టింపు చేయాలి, అంటే సగం మాత్రకు బదులు ఒక మాత్ర. 102.2 దాటితే మూడింతలు, అంటే మాత్రన్నర. జబ్బుగా ఉన్న రోజుల్లో రాత్రి ఎక్కువ గంటలు మందు లేకుండా గడవకూడదు కాబట్టి అర్ధరాత్రి దాటాక ఒక పూట అదనంగా ఇవ్వాలా అని మీ డాక్టరును అడిగి రాయించుకోండి. జ్వరం పూర్తిగా తగ్గిన 24 గంటల తర్వాత పాత మోతాదుకు వచ్చేయవచ్చు, రెండు మూడు రోజుల పెంపును మెల్లమెల్లగా తగ్గించనక్కరలేదు. చేయి పట్టి చూసి జ్వరమని తేల్చే అలవాటు మనందరికీ ఉన్నా, ఈ ఇంట్లో మాత్రం థర్మామీటర్ తప్పనిసరి. జ్వరం లేని జలుబు, బడి పరీక్షలు, ఆటలు, చిన్న దెబ్బలు, టీకా వేయించుకోవడం వీటికి మోతాదు పెంచనక్కరలేదు. టీకా తర్వాత జ్వరం వస్తే మాత్రం పైన చెప్పినట్టే చేయండి. చేయి విరగడం, కాలిన గాయం, పన్ను పీకించడం, మత్తుమందు ఇచ్చే ఏ చికిత్స అయినా డాక్టరుతో మాట్లాడి అదనపు మోతాదుతోనే జరగాలి.

వాంతుల విషయంలో మీ బాబుకున్న చిక్కు తక్కిన అడ్రినల్ లోపం పిల్లలకు ఉండదు, అందుకే ఇక్కడ కొంచెం ఆగి వివరిస్తాను. మాత్ర ఇచ్చిన అరగంట లోపు వాంతి అయితే మళ్ళీ ఇవ్వమని, రెండోసారి కూడా నిలవకపోతే ఇంజెక్షన్ చేయమని అందరికీ చెప్పే మాట. కానీ మీ బాబుకు తిన్నది పైకి రావడం రోజూ ఉన్నదే, అది కడుపులోంచి వస్తోందా, అన్నవాహికలో ఆగినదే వస్తోందా అని తేల్చుకోవాలి. పుల్లని వాసన, పసరు లేకుండా, నమిలిన అన్నం అలాగే వస్తే అది కడుపు దాకా చేరనే లేదు. మీరిచ్చిన మాత్ర కూడా అందులో ఉండి ఉండవచ్చు, ఇచ్చి ముప్పావుగంట గడిచినా సరే. కాబట్టి ఈ పిల్లల విషయంలో నేను అరగంట లెక్కను నమ్మను. గంట లోపు ఏది పైకి వచ్చినా ఆ పూట మందు పోయిందనే భావించి మళ్ళీ ఇవ్వమంటాను. ఒక పూట ఎక్కువ పడితే వచ్చే నష్టం లేదు. ఒక పూట పడకపోతే జ్వరం ఉన్న రోజున ప్రాణం మీదికి రావచ్చు.

మందు ఇచ్చే తీరులోనూ కొంత మేలు చేసుకోవచ్చు. అన్నం తిన్న తర్వాత కాకుండా ముందే, అన్నవాహిక ఖాళీగా ఉన్నప్పుడు, బాబును నిటారుగా కూర్చోబెట్టి ఇవ్వండి. మందుల దుకాణంలో దొరికే మాత్రలు కోసే చిన్న డబ్బాతో మాత్రను సరిగ్గా సగం చేసి, ఆ సగాన్ని చెంచాలో నలిపి, కాస్త నీటితో కలిపి అప్పటికప్పుడు తాగించి, పైన మరికొన్ని నీళ్ళు పట్టండి. మాత్ర మొత్తం నీళ్ళలో కలిపి అందులో సగం నీళ్ళు పట్టడం చాలా ఇళ్ళలో చూశాను. ఆ మందు నీటిలో సమంగా కరగదు, అడుగుకు దిగిపోతుంది, అందుకే ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ పడుతుంది. ఉదయం మోతాదును బాబు నిద్ర లేవగానే, బడి హడావిడి మొదలవకముందే ఇవ్వండి. మందుల దుకాణంలో హైడ్రోకార్టిసోన్ లేదని ప్రెడ్నిసోలోన్ గాని డెక్సామెథాసోన్ గాని అంటగడితే తీసుకోవద్దు. అవి చాలా బలమైనవి, రోజువారీగా వాడితే ఎదుగుదలను దెబ్బతీస్తాయి. మాత్రలు చిన్న ఊళ్ళలో అన్నివేళలా దొరకవు కాబట్టి నెల రోజులకు సరిపడా ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉంచుకోండి.

ఇప్పుడు ఇంజెక్షన్. ఇది మీరూ మీ వారూ ఇద్దరూ నేర్చుకోవాలి, వీలైతే అమ్మమ్మగారు కూడా. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. పొడి ఉన్న చిన్న సీసా, 2 మి.లీ. శుద్ధజలం, సిరంజి కలిపి ఒక పెట్టెలో ఉంచండి. 3 నుంచి 12 ఏళ్ళ మధ్య పిల్లలకు అత్యవసర మోతాదు సాధారణంగా 50 మి.గ్రా. మీ డాక్టరు చేత ఈ అంకె రాయించుకుని పెట్టె మూత మీద అంటించండి. సీసా మూత తీసి, రబ్బరు బిరడా తుడిచి, 2 మి.లీ. నీళ్ళు లోపలికి ఎక్కించి, పొడి పూర్తిగా కరిగే దాకా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, అందులోంచి 1 మి.లీ. లాగితే 50 మి.గ్రా. వస్తుంది. తొడ మధ్యభాగంలో, బయటి వైపు, సూదిని నిలువుగా గుచ్చి మందు ఎక్కించాలి. నా దగ్గరికి వచ్చే తల్లులు మొదట బత్తాయి కాయ మీద సాధన చేస్తారు. తొక్క మందం, లోపలి మెత్తదనం చేతికి అలవాటైతే అసలు రోజున వణుకు తగ్గుతుంది. గడువు ముగిసిన సీసాలను పారేయకండి, వాటితోనే పొడి కలపడం నెలకోసారి చేసి చూసుకోండి. మీ ప్రాంతపు ఎండల్లో ఈ పెట్టెను బైకు డిక్కీలోనో, పొయ్యి గట్టు పక్కనో ఉంచవద్దు. ఇంట్లో చల్లగా ఉండే గూటిలో పెట్టి, ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ చూపించండి.

ఎప్పుడు చేయాలి? రెండోసారి ఇచ్చిన మాత్ర కూడా నిలవనప్పుడు, జ్వరంతో గాని విరేచనాలతో గాని మత్తుగా తూలుతున్నప్పుడు, పిలిస్తే సరిగ్గా పలకనప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు, పెద్ద ప్రమాదం జరిగినప్పుడు. చేయాలా వద్దా అనే సందేహం వచ్చిందంటే చేసేయాలి, అనవసరంగా చేసిన ఒక్క ఇంజెక్షన్ హాని చేయదు. ముందు ఇంజెక్షన్, తర్వాత 108కు ఫోన్, ఆ తర్వాత ప్రయాణం. ఈ వరుస మారకూడదు. ఇంజెక్షన్ చేశాక బాబు లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్ళడం మానవద్దు, ఎందుకంటే దాని ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది, సెలైన్, గ్లూకోజ్ అవసరం కావచ్చు. స్పృహ లేనప్పుడు నోట్లో పంచదార, బెల్లం నీళ్ళు, ఏదీ పోయవద్దు. అన్నవాహిక ఇప్పటికే నిండి ఉండే మీ బాబుకు అది ఊపిరితిత్తుల్లోకి పోవడం ఖాయమనుకోండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వంటివాటితో గడిచే నిమిషాలు ఇంజెక్షన్‌కు దక్కవలసినవి. స్పృహ ఉండి, మింగగలిగితే, గ్లూకోమీటర్‌లో షుగర్ 70 కంటే తక్కువ చూపిస్తే గ్లూకోజ్ నీళ్ళు కొద్దికొద్దిగా పట్టవచ్చు. జబ్బుగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున ఒకసారి తప్పనిసరిగా షుగర్ చూడండి. మొదటి ఫిట్స్ ఆ వేళకే రావడం కాకతాళీయం కాదు, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉన్న పిల్లవాడి షుగర్‌ను నిలబెట్టవలసినది కార్టిసోలే. పెళ్ళిళ్ళలో పంక్తి ఆలస్యమైనా, తిరుమలలో క్యూ పొడవైనా అతని సంచిలో తినేది, తాగేది, మాత్రలు, ఇంజెక్షన్ పెట్టె ఉండాలి. మొక్కుల పేరిట కూడా అతని చేత ఉపవాసం చేయించవద్దు.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక విషయం మీరే చెప్పాలి, చెప్పకపోతే పొరపాటు జరగడానికి అవకాశం ఉంది. ఒంట్లో నీరు తగ్గిందా లేదా అని చూడటానికి, ఏడుస్తుంటే కన్నీళ్ళు వస్తున్నాయా అని పరీక్షించడం మేమంతా చదువుకునే రోజుల్లోనే నేర్చుకుంటాము. మీ బాబుకు ఆ గుర్తు పనికిరాదు. నీరు తగ్గకపోయినా తగ్గిందని, మరోసారి నిజంగా తగ్గినప్పుడు ‘వీడికి ఎప్పుడూ ఇంతే’ అని, రెండు వైపులా తప్పు జరగవచ్చు. నాలుక తడి, మూత్రం ఎన్నిసార్లు పోశాడు, చేతులు కాళ్ళు చల్లబడ్డాయా అన్నవి చూడమని అడగండి. దీన్ని కూడా కలిపి మీ డాక్టరు చేత ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించుకోండి: ‘ఈ బాలుడికి అడ్రినల్ లోపం ఉంది. జ్వరం, వాంతులు, మత్తు, ఫిట్స్‌తో వస్తే పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 50 మి.గ్రా. ఇవ్వాలి, షుగర్ చూడాలి, సెలైన్‌తో గ్లూకోజ్ ఎక్కించాలి. కన్నీళ్ళు లేకపోవడం ఇతనికి పుట్టుకతో ఉన్నదే.’ తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి చేయించి, ఇంట్లో, బడి సంచిలో, మీ ఇద్దరి ఫోన్లలో ఉంచండి. బడిలో క్లాసు టీచరుకు ఒక ప్రతి ఇచ్చి, బాబు తూలినా, మాట తడబడినా ‘ఎండకు సోలిపోయాడు’ అని పడుకోబెట్టకుండా వెంటనే మీకు ఫోన్ చేయమని చెప్పండి.

ఈ జబ్బులో చాలామంది పిల్లలకు ఒంట్లో ఉప్పును నిలిపే అల్డోస్టిరాన్ హార్మోను బాగానే ఉంటుంది. అందుకే దాని బదులు ఇచ్చే ఫ్లూడ్రోకార్టిసోన్ అనే మందును మీ బాబుకు రాయలేదు. కొందరిలో అదీ తగ్గవచ్చు గనుక సోడియం, పొటాషియం, రెనిన్ పరీక్షలు అప్పుడప్పుడు చేయిస్తూ ఉండాలి. ఉప్పు మీద కొత్తగా మోజు పుట్టి, పచ్చడి, ఉప్పు కలిపిన మామిడి ముక్కలే కావాలని మారాం చేస్తే దాన్ని డాక్టరుకు చెప్పండి. అన్నవాహిక సమస్యను కూడా వాయిదా వేయవద్దు. బెలూన్‌తో సాగదీయడం గాని, హెల్లర్ ఆపరేషన్ అనే పద్ధతిలో బిగిసిన కండరాన్ని కోసి వదులు చేయడం గాని చేస్తే తిండి ఒంటబట్టడమే కాక, మందు నిలకడగా లోపలికి పోవడం వల్ల అడ్రినల్ లోపాన్ని అదుపులో ఉంచడం కూడా తేలికవుతుంది. ఆ రోజు మత్తు డాక్టరుకు ముందుగానే చెప్పి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాకే మొదలుపెట్టేలా చూసుకోండి. రాత్రుళ్ళు దగ్గు, తలగడ మీద అన్నం మెతుకులు కనిపిస్తుంటే ఇంకా తొందరపడాలి.

అమ్మమ్మగారి బాధకు, పాప గురించిన మీ భయానికి కలిపి చెబుతాను. 12వ క్రోమోజోము మీద ఉండే ఎ.ఎ.ఎ.ఎస్. అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటేనే ఈ జబ్బు వస్తుంది. మీ దగ్గర ఒకటి, మీ వారి దగ్గర ఒకటి లోపం ఉన్న ప్రతులు ఉన్నాయి, ఒక్కటే ఉన్నందువల్ల మీకెవరికీ ఏ ఇబ్బందీ లేదు. మేనమామ, మేనకోడలు తమ జన్యువుల్లో సగటున నాలుగో వంతు పంచుకుంటారు కనుక అదే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరిగింది. ఆ మాట నిజమే. కానీ కంటికి కనిపించని, ఎవరికీ జబ్బు చేయని ఆ లోపం తరాల నుంచి వస్తోందని అమ్మమ్మగారికి తెలిసే మార్గమే లేదు. ఆమెను కూర్చోబెట్టుకుని ఈ మాట మీరే చెప్పండి, ఇంజెక్షన్ నేర్పించేటప్పుడు చెబితే మరీ మంచిది. పాపకు ఈ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. కన్నీళ్ళు లేకపోవడం ఈ జబ్బులో సాధారణంగా పుట్టుకతోనే కనిపించే గుర్తు కాబట్టి, ఏడ్చినప్పుడు పాప చెంపలు తడుస్తుంటే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు, అయినా ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడవద్దు. బాబులో కనుగొన్న మార్పు ఏదో తెలుసు కనుక పాప రక్తంలో అదొక్కటే చూడటం తేలిక. అది తేలేలోపు పాపకు జ్వరంతో మత్తు, ఉదయం పూట నీరసం కనిపిస్తే షుగర్, కార్టిసోల్ చూడమని అడగండి. మీరు మరో బిడ్డను కోరుకుంటే, గర్భం నిలిచిన 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే వీలుంది, ముందుగానే జన్యు వైద్యులను కలవండి.

చివరగా బాబు కళ్ళు. కన్నీరు లేని కంటి నల్లగుడ్డు ఎండి పుండ్లు పడుతుంది, చూపు మీదికి వస్తుంది. కృత్రిమ కన్నీటి చుక్కలు పగలు నాలుగైదుసార్లు, పడుకునేముందు జెల్ వేయండి. ఫ్యాను గాలి నేరుగా మొహానికి తగలకుండా మంచం జరపండి. కంటి డాక్టరుకు ఆరు నెలలకోసారి చూపించండి. కళ్ళు ఎర్రబడితే దుకాణంలో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేయవద్దు. ఫెనిటాయిన్ గురించి డాక్టర్లు ఏమన్నారో, పాప పరీక్షలో ఏం తేలిందో నాకు మళ్ళీ రాయండి.